గమ్మునుండు అనని మనిషి

మా పశువుల డాక్టరమ్మ పోయిందని నంద్యాల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దొడ్లో కూచుని ఒక గొర్రెపిల్ల నోరు తెరిచి చూస్తున్నాను. పిల్లకు ఒళ్లు కాలుతోంది, ముక్కు కారుతోంది. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు ఏదో కనబడుతోంది. ఫోను నా కొడుకు ఎత్తాడు. వింటూ వింటూ ఊ కొట్టడం కూడా మానేసి నిలబడిపోయాడు.

"ఏందిరా?" అన్నాను.

"డాక్టరమ్మ లేదంటమా. తెల్లారి ఆస్పత్రిలోనే పోయిందంట."

నా వేళ్లు పిల్ల నోట్లోనే ఉండిపోయాయి. ఆ తవుడు ఏమిటో నాకు తెలుసు, ఆమే నేర్పింది. అయినా అనుమానం వచ్చినప్పుడల్లా ఆమెకే ఫోను చేసేదాన్ని. "అవునవ్వా, అదే" అని ఆమె అంటే తప్ప నాకు నమ్మకం కుదిరేది కాదు. ఇప్పుడు అవునని చెప్పే మనిషి లేదు.

ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామందే ఉంటారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల జీవాలు పెంచుకునే ఇళ్లలో ఆమె అడుగు పెట్టని దొడ్డి లేదు. నాది అయిదో తరగతి చదువు. పైగా భయస్తురాలిని. కోడి ఆలస్యంగా కూసినా ఏమవుతుందోనని నాకు దడ. ఇది రాస్తే ఊళ్లో ఎవరికి కోపం వస్తుందోనని కూడా భయంగానే ఉంది. కాని రాయకుండా గమ్మునుంటే ఆమెకు నచ్చేది కాదు.

"గమ్మునుండు" అనే మాట మన ఇళ్లలో ఎంతగా వింటామో మీకు చెప్పనక్కర్లేదు. ఏడ్చే బిడ్డకు అదే, నడుము నొప్పి అన్న ముసలిదానికి అదే. మందలో రోగం కనబడినా అదే. ఆమె నోట మాత్రం ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆమె మా పశువుల ఆస్పత్రికి కొత్తగా వచ్చిన ఏడు మా పల్లెలో పారుడు రోగం పడింది. గొర్రెకు జ్వరం వచ్చి, నోరు పూసి, ఆపైన పారుకుని పారుకుని కూలబడిపోతుంది. ముందు చూసింది నేను. మా గొర్రె ఒకటి పచ్చిమేత ముందు నిలబడి కూడా నోరు పెట్టకపోతే మా ఆయనకు చెప్పాను. వరికోతలు అయిపోయి మళ్లలో మందలు పెట్టే రోజులవి. గొర్రెలు రాత్రి మడిలో పడుకుంటే ఆ ఎరువు కోసం రైతు మందను పిలుచుకుంటాడు. రోగం ఉందని తెలిస్తే ఏ రైతూ పిలవడు, ఏ మందనూ మన పక్కన మేయనివ్వరు.

"నువ్వు గమ్మునుండు," అన్నాడు మా ఆయన. "నీకు చీమ కుట్టినా భయమే. ఊరంతా చాటుతావా ఏంది?"

మేము చర్చికి పోయేవాళ్లం. జీవాలకు జబ్బు చేస్తే అమ్మవారు వచ్చిందని మేము అనం. కాని అనేవాళ్ల మధ్యే పుట్టి పెరిగాం. అమ్మవారు వచ్చిన ఇంట్లో రోగం పేరెత్తకూడదని, ఎత్తితే ఇంకా కోపగించుకుంటుందని వాళ్ల భయం. మేము జాతర మానుకున్నాం గాని ఆ భయం మానుకోలేదు. వాళ్లు దేవతకు జడిసి నోరు మూసుకుంటే, మేము ఎవరికి జడిసేదీ తెలియకుండానే మూసుకున్నాం. పల్లెలో మందలన్నీ కలిసి మేశాయి.

ఆమెకు కబురు అందేసరికి నిలబడిన జీవాల కంటే పడినవే ఎక్కువ. కుందూ ఏటి వైపు బీడు భూమిలో గుంతలు తీసి, సున్నం చల్లి పూడ్చాం. కడుపుతో ఉన్న గొర్రెలను దించేటప్పుడు మా ఆడవాళ్లం ఎవరమూ అక్కడ ఉండలేకపోయాం. ఆమె ఉంది. ఎవరినీ ఒక్క మాట తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ అడిగింది.

"మొదలు ఎవురు చూసినారు?"

మా ఆయనే నావైపు చూపించాడు. "ఇది చెప్పింది మేడం. ఇది దినాం ఏదో ఒకటి చెప్తానే ఉంటాది. యాడ నమ్మేది?"

ఆమె వచ్చి నా పక్కన కూచుంది. "నువ్వు కేక వేసినావవ్వా. విన్నోళ్లకు కాళ్లు రాలేదు. ఆ వైరస్ కూడా గొర్రె ఒంట్లో ఇదే పని చేస్తాది" అంది. నాకు అర్థం కాలేదు. కాని నా భయాన్ని కేక అన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

తర్వాత ఒకనాడు మా అరుగు మీద చక్కెర లేని టీ తాగుతూ విడమరిచి చెప్పింది. ఒళ్లంతా చిన్నచిన్న ఇళ్లనుకో, వాటినే కణాలంటారు అని మొదలుపెట్టింది.

"మీ వీధిలో ఒక బోదగడ్డి కొట్టానికి నిప్పంటుకుంటే ఏం చేస్తారవ్వా?"

"కేకలేస్తాం."

"పక్కింటోళ్లు?"

"వాళ్ల కప్పు మీద నీళ్లు పోసుకుంటారు, నిప్పు రాకముందే."

"అంతే. వైరస్ దూరిన కణం కూడా కేక వేస్తాది. ఆ కేకకు ఇంటర్ఫెరాన్ అని పేరు. అంటుకున్న ఇల్లు ఎట్లా కాలేదే. ఆ కేక పక్కిళ్ల కోసం."

"మరి మన గొర్రెల్లో నీళ్లు పోసుకోలేదా?"

"అక్కడే ఉంది దాని దొంగతనం. కేక వాకిటి దాకా వస్తాది. వాకిట్లో విన్న మనిషి లోపలి గదికి పోయి చెప్పాల, అప్పుడే లోపలోళ్లు నీళ్లు తోడేది. పారుడు వైరస్ ఆ ఇంట్లో పడీపడగానే మొదలు ఆ మనిషి కాళ్లు కట్టేస్తాది. కేక వినపడతానే ఉంటాది. లోపలికి పోయి చెప్పేవాడే ఉండడు."

మాకు అప్పుడు ఒక బర్రె కూడా ఉండేది. "గాలికుంటు కూడా ఇంతేనా?" అని అడిగాను.

"అది ఇంకో రకం. ఇంట్లోకి రాగానే పొయ్యి ఆర్పేస్తాది. ఇంటోళ్లకు మెతుకు ఉడకదు, కేక వేసే సత్తువ కూడా ఉండదు. తన కుండ మాత్రం ఉడకబెట్టుకుంటాది."

"పొయ్యి ఆరిపోతే దాని కుండ ఎట్ల ఉడుకుతాది?"

"దానికి వేరే దొంగపొయ్యి ఉందిలే. అంతా నువ్వే అడిగితే నేను టీ ఎప్పుడు తాగేది?"

ఆ తర్వాత చాన్నాళ్లు నాకు అన్నం సయించలేదు. నా ఒంట్లో ఎవరి కాళ్లు కట్టేసి ఉన్నాయో, నాకు తెలియకుండా ఏ ఇల్లు కాలుతోందోనని. మళ్లీ వచ్చినప్పుడు ఆ మాటే చెప్తే నవ్వి, "నీ ఒంట్లో కాపలావాళ్లకు నిద్ర ఉండదులే అవ్వా, నీ మాదిరే" అంది.

ఆమె పద్ధతులు ఆమెవి. మా గేటు దగ్గర బేతంచెర్ల బండ ఒకటి పరిచి ఉంది. దాని మీద నిలబడి చెప్పుల అడుగులు బట్టల సోడా కలిపిన నీళ్లతో కడుక్కుంటే తప్ప లోపలికి వచ్చేది కాదు, పోయేటప్పుడూ అంతే. "ఒక దొడ్డి రోగాన్ని ఇంకో దొడ్డికి మోసే గాడిద డాక్టరే" అనేది. లోపలికి వచ్చినా జీవాన్ని వెంటనే ముట్టుకునేది కాదు. దూరంగా నిలబడి చాలాసేపు చూసేది. పెన్ను ఎప్పుడూ కొప్పులోనే గుచ్చి ఉండేది, దాని కోసం సంచంతా వెతుక్కునేది. జొన్నరొట్టె, శనక్కాయల ఊరిమిండి పచ్చడి పెడితే ఎంత తొందరలో ఉన్నా కూచుని తినేది.

జ్వరం గురించి ఆమెకో మాట ఉండేది. జీవానికి ఒళ్లు కాస్త కాలితే చాలు మేము సూది వేయమని వెంటపడేవాళ్లం. "జ్వరం శత్రువు కాదు. లోపల వాళ్లు పనిలో ఉన్నారని అర్థం. పని కానీండి" అనేది. జ్వరం దిగి గొర్రె గడ్డి కొరికితే దాని వీపు తట్టి, "గెలిచినావులే" అనేది. మందుల కోసం ఉరకడం ఆ మాట వల్లే మేము తగ్గించాం. మా జీవాలకు ఆ మాట మేలే చేసింది. ఆమెకు చేయలేదు.

ఆఖరుసారి ఆమె మా ఇంటికి వచ్చింది పారుడు రోగం సూదులు వేయడానికే. వానలు వెనకబట్టి దోమలు ఎక్కువగా ఉన్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, బోర్లించిన గంప మీద కూలబడినట్టు కూచుంది.

"జ్వరమా తల్లీ?" అన్నాను.

"ఉండె. నిన్న దిగిపోయింది. కడుపులోనే కొంచెం నొస్తాంది."

"నంద్యాల పో. రక్తం చూపించుకో."

"జ్వరం దిగినాక ఎవురన్నా ఆస్పత్రికి పోతారా అవ్వా? దిగిందంటే గెలిచినట్టే."

"నాకు భయంగా ఉంది."

"నీకు ఎప్పుడు లేదు?"

ఆమె నవ్వింది, నా కొడుకు నవ్వాడు, నేనూ నవ్వాను. వయసొచ్చిన జీవాలకు సూదులు వేసింది. చంటి పిల్లలకు ఇంకా వయసు రాలేదని, వచ్చే నెల తానే వచ్చి వేస్తానని చెప్పింది. బండ మీద నిలబడి చెప్పులు కడుక్కునేటప్పుడు గోడ పట్టుకుంది.

అది డెంగీ అని నంద్యాల ఆస్పత్రిలో చెప్పారట. మనుషులకు వచ్చే డెంగీలో జ్వరం దిగినాకే అసలు గండమట. నెత్తురులోని నీరు లోలోపలే కారిపోతుందట. డెంగీ వైరస్ కూడా కాళ్లు కట్టేసే జాతిదేనని ఒకప్పుడు ఆమే నాకు చెప్పింది. అంత తెలిసిన మనిషి తన జ్వరాన్ని గొర్రె జ్వరం లెక్కన చూసుకుంది. జీవితమంతా గొర్రెల ఒళ్లు పట్టుకుని చూసిన చేతికి తన ఒళ్లు వేరుగా తోచలేదేమో. నేను చెప్పాను. దినమూ భయపడే మనిషి భయానికి ఎవరూ లేవరు.

ఆ రోజు ఫోను పెట్టేసి నా కొడుకు ముఖం తుడుచుకున్నాడు. "డాక్టరమ్మ మట్టికి పోదాంమా. అందురూ వస్తాండారు."

"ఈ పిల్లల సంగతి?"

"పోయొచ్చి చూద్దాం. రేపు మడిలో మంద పెట్టాల. అంతదాకా గమ్మునుండు."

వాడు చెడ్డవాడు కాదు, ఏడుస్తూనే అన్నాడు. కాని మా పెద్ద గొర్రెలకు సూది పడింది గాని ఊళ్లో పడనివి చాలా ఉన్నాయి. సూది వేస్తే చూలు పోతుందని జడిసి వేయించుకోని మందలు. రేపు ఆ మళ్లలో అవీ మా పిల్లలూ ఒక్కచోటే. ఇక మట్టికి వచ్చేవాళ్లెవరు? అందరూ గొర్రెలోళ్లే. ఆమె ముందు పనిచేసిన జూపాడు బంగ్లా వైపు నుంచి కూడా వస్తారు. ఆ నోట్లో పెట్టిన చేతులతో నేను వాళ్ల మధ్య నిలబడి ఏడిస్తే, వాళ్లు ఇళ్లకు ఏం మోసుకుపోతారు?

"మనం పోవడం లేదు," అన్నాను.

"ఆఖరుసారి ముఖం చూడొద్దా?"

"ఆమె అయితే ఇట్ల పోతాదారా?"

వాడు అక్కడే కూలబడ్డాడు.

చేతులు కడుక్కుని, వేరే చెప్పులు వేసుకుని వీధిలోకి పోయాను. ఏ వాకిలీ తాకకుండా దారి నడుమ నిలబడి చెప్పాను. "మా దొడ్లో పారుడు రోగం పడింది. మీ జీవాలను మా దారిన తోలొద్దు." అరుగు మీది ముసలాయన, "పేరు పెట్టి అరుస్తారా? ముందే చెడ్డకాలం" అని కసిరాడు. ఇంకా ముందుకు పోతే, గొర్రెలు కాచే ఒకామె బియ్యం చెరుగుతూ తలెత్తింది.

"పోయినేడు కూడా ఇట్లే అంటివి గదత్తా. ఏం కాలే."

"పోయినేడు కాలే. ఇప్పుడైంది."

"నిజమా? వచ్చి చూసేదా?"

"వచ్చి చూడొద్దు. నమ్ము."

నా ముఖంలోకే చూసింది. చేట కింద పెట్టి, దొడ్డి తడిక మూయడానికి లోపలికి పోయింది.

మందను పిలిచిన రైతుకు నా కొడుకే ఫోను చేసి చెప్పాడు. మధ్యాహ్నానికి రెండు పిల్లలు పోయాయి. నంద్యాలలో ఆమెను మట్టిచేసే వేళకు వాడు బీట్లో గుంత తీస్తున్నాడు.

పొద్దున ఫోను విన్నాక నేనేం చేశానో నాకే తెలియలేదు గాని, మట్టికి కట్టుకునే తెల్లచీర ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేసి ఉన్నాను. మా వాకిలి మందలు తిరిగొచ్చే దారి. సాయంత్రం అవి మళ్లే వేళకు తీగ మీద ఏ గుడ్డ ఉన్నా మట్టిరంగుకు వచ్చేది, అందుకని రోజూ ముందే తీసేసేదాన్ని. ఆ రోజు తీయలేదు. మందలన్నీ కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయాయి. మెడగంటల చప్పుడు దూరంగా వినబడి, ఇంకా దూరమైంది. పొద్దు వాలేదాకా చీర అట్లాగే ఉంది, ఒక్క రవ్వ దుమ్ము లేకుండా, తెల్లగా.