బోండాల పంక్తిలో పాసైన తీర్మానం

1995లో మునిసిపల్ ఎన్నికలు అయిన కొత్తలో నన్ను పన్నుల సెక్షన్ నుంచి కౌన్సిల్ సెక్షన్‌కు వేశారు. హోదా ఏమీ పెరగలేదు. అక్కడా అటెండరే, ఇక్కడా అటెండరే. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ కుదరక బడి వదిలేసినవాణ్ణి కాబట్టి అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. ఇది ఏ ఊరి మునిసిపాలిటీ అన్నది మాత్రం రాయను. మదనపల్లె వాళ్లు చదివితే పుంగనూరు సంగతి అనుకోవచ్చు, పుంగనూరు వాళ్లు మదనపల్లెది అనుకోవచ్చు. కుప్పంలో అప్పట్లో ఉండేది పంచాయతీ కాబట్టి వాళ్లు ఇద్దరినీ చూసి నవ్వుకోవచ్చు. నా భార్యది కుప్పం. ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

కౌన్సిల్ సెక్షన్లో ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు గనుక కొంచెం చెప్తాను. నెలకొకసారి సాధారణ సమావేశం. చర్చకు వచ్చే ఒక్కో విషయాన్ని మేము సబ్జెక్టు అంటాం. సబ్జెక్టులన్నీ వరసగా టైపు చేసిన కాగితమే ఎజెండా. దాన్ని మీటింగుకు ముందే కౌన్సిలర్ల ఇళ్లకు తీసుకుపోయి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకురావడం నా పని. కౌన్సిలర్ దొరికితే పెన్ను దొరకదు, పెన్ను దొరికితే కళ్లద్దాలు దొరకవు. మీటింగు రోజు మేనేజరు సబ్జెక్టులు చదువుతాడు. సభ్యులు "పాస్" అంటే తీర్మానం అయినట్టు. చైర్మన్ "వాయిదా" అంటే ఆ సబ్జెక్టు వచ్చే నెలకు పోయినట్టు. వచ్చే నెల అనేది మా ఆఫీసులో పెద్ద గోడౌను. అందులోకి పోయిన సరుకు తిరిగి బయటికి రావడం తక్కువ.

ఇంకొకటి కోరం. సభ నడవాలంటే ఇంతమంది తక్కువ కాకుండా హాల్లో ఉండాలని రూలు. అంతకంటే తగ్గినారని ఏ ఒక్కరు లేచి చెప్పినా చైర్మన్ మీటింగు ఆపాల్సిందే. దీన్ని ఎదురు పక్షం వాళ్ల ఆయుధం అంటారు. మా ఊర్లో అది చైర్మన్ ఆయుధం.

ఎట్లా అంటే, ఎజెండా సగం అయ్యేసరికి టిఫిను వచ్చేది. బోండాలు, మైసూరుపాకు, కాఫీ. స్టీలు ప్లేట్లలో పెట్టి, గుర్రపు లాడం ఆకారంలో ఉన్న బల్ల చుట్టూ నేనే వడ్డించేవాణ్ణి. తిన్నాక చెయ్యి కడుక్కోవాలి కదా. కొళాయి బయట వసారాలో ఉండేది. కొళాయి పక్కనే మెట్లు, మెట్ల కింద స్కూటర్లు. చెయ్యి కడుక్కోవడానికి పోయినవాళ్లలో సగంమంది తిరిగి వచ్చేవాళ్లు కాదు. హాల్లోకి వచ్చి చూసుకుంటే కోరం ఉండేది కాదు. అందుకని చైర్మన్ తనకు కావలసిన సబ్జెక్టులు బోండాలకు ముందు, వద్దనుకున్నవి బోండాలకు వెనక పెట్టించేవాడు. ఆయన ఏ సబ్జెక్టునూ కాదన్నది లేదు. "మంచి సబ్జెక్టే, సభ్యులు లేరు కదా, ఏం చేద్దాం" అని బాధపడేవాడు. ఆ బాధ చూస్తే మనకే ఓదార్చాలనిపించేది.

అట్లా బోండాల వెనక ఇరుక్కుపోయిన సబ్జెక్టు మునెమ్మది. మునెమ్మ మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. వార్డు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో నిలబడి గెలిచింది. కొందరు ఆడ కౌన్సిలర్ల పక్కన భర్తలు కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు. ఈమె ఒక్కతే వచ్చేది, తట్ట కోడలికి అప్పజెప్పి. ఆమె అడిగింది ఒకటే. మార్కెట్ వెనక మునిసిపాలిటీ స్థలం ఖాళీగా ఉంది, అందులో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టండి అని. పల్లెల నుంచి తొలి బస్సుకు మూటలతో దిగి మధ్యాహ్నం దాకా అమ్ముకునే ఆడవాళ్లకు మార్కెట్లో ఆ ఏర్పాటు ఏదీ లేదు. మగవాళ్లకు గోడ ఉండేది. గోడకు తీర్మానం అక్కర్లేదు.

అదే స్థలంలో అంగడి రూములు కట్టి వేలం వేయాలని వైస్ చైర్మన్ పట్టు. మునెమ్మ సబ్జెక్టు అప్పటికే వాయిదాల మీద వాయిదాలు తిన్నది. ఈ నెల కూడా కాకపోతే వచ్చే నెల ఎజెండాలో రూముల సబ్జెక్టు వస్తుంది, అది బోండాలకు ముందే ఉంటుంది, స్థలం పోతుంది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. తన సబ్జెక్టును ముందుకు తీసుకోమని చైర్మన్‌ను అడిగింది. "వరస తప్పితే రూల్సు ఒప్పుకోవమ్మా" అన్నాడాయన. ఆయన నోట రూల్సు అనే మాట నేను విన్నది అరుదు.

ఆ నెల ఎజెండా ఇవ్వడానికి పోతే ఆమె మార్కెట్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. వేలిముద్ర కాదు, సంతకమే చేస్తుంది. కాకపోతే పేరు రాయడానికి ఒక కట్ట అమ్మేంతసేపు పట్టేది.

"నాది యాడుండాది రెడ్డెప్పా?" అని అడిగింది.

"చివర ఉండాదమ్మా. బోండాల అవతల."

"ఈ ఊర్ని ఏలేది చైర్మనా, బోండాలా?"

"బోండాలేనమ్మా. చైర్మన్ మారతాడు, బోండా మారదు. అయినా నీ సబ్జెక్టు మీటింగులో పోవడం లేదులే, కొళాయి కాడ పోతాండాది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తారు సూడు, ఆడ. లేవకుండా ఉంటే పాసే."

నేను తమాషాకన్నాను. ఆమె నవ్వలేదు. కట్ట చుట్టుతూ, "లేవకుండా..." అని మాత్రం అంది.

ఇక్కడ నారాయణప్ప గురించి చెప్పాలి. శెనక్కాయల మండీ యజమాని, కౌన్సిల్లో అందరికంటే పెద్దాయన. ఏ పక్షమో ఆయనకే సరిగ్గా తెలియదు గానీ రెండు పక్షాలవాళ్లూ ఆయన మాట దాటరు. ఆయనకు పంక్తి మర్యాద అంటే ప్రాణం. మా పక్క పెండ్లిళ్లలో కూర్చున్నవాళ్లకు అలవాటే. విస్తరి ముందు కూర్చుంటే అందరికీ వడ్డన అయిందాకా ముద్ద ముట్టకూడదు. పంక్తిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు. తినేవాణ్ణి వదిలి లేస్తే వాణ్ణి కూడా విస్తరి ముందు నుంచి లేపేసినట్టే. నారాయణప్ప ఆ పద్ధతిని కౌన్సిల్ హాలుకు కూడా తెచ్చాడు. ప్లేట్లు పెట్టాక "అందరికీ వచ్చెనా రెడ్డెప్పా?" అని అడిగేవాడు. వచ్చిందన్నాకే బోండా తుంచేవాడు. ఒకసారి ఒక కుర్ర కౌన్సిలర్ గబగబా తిని లేచాడు. "యాడికప్పా? పక్కన మనిషి తింటాండాడు. మీ ఇంట్లో చెప్పలేదా?" అన్నాడు పెద్దాయన. ఆ అబ్బాయి అప్పటినుంచి మెల్లగా నమలడం నేర్చుకున్నాడు.

మీటింగు రోజు వచ్చింది. మేనేజరు వీధి దీపాలు, కాలువ పూడిక, ఒక ఉద్యోగి సెలవు, అన్నీ చదివాడు. పాస్, పాస్, పాస్. చైర్మన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అది టిఫిను తెమ్మని నాకు గుర్తు. వడ్డించుకుంటూ మునెమ్మ దగ్గరికి వచ్చాను. "ఇంకో రెండు వెయ్యప్పా" అంది. ఎప్పుడూ ఒకటి తిని ఒకటి మనవరాలికి కొంగున కట్టుకుని పోయే మనిషి. ఆకలేమో అనుకుని వేశాను. నీళ్ల గ్లాసు పెడితే మామూలుగానే పక్కకు జరిపింది. ఆమె మా ఆఫీసు నీళ్లు గానీ కాఫీ గానీ ఎప్పుడూ ముట్టేది కాదు. మునిసిపాలిటీ నీళ్ల మీద మునిసిపల్ కౌన్సిలర్‌కే నమ్మకం లేదని నేను ఎగతాళి చేసేవాణ్ణి. దప్పి లేదనేది.

అందరూ తిన్నారు. వైస్ చైర్మన్ మైసూరుపాకు కూడా ముగించి కుర్చీ వెనక్కి జరిపాడు. నారాయణప్ప అలవాటుగా బల్ల చుట్టూ చూశాడు. మునెమ్మ ప్లేటు నిండుగా ఉంది. ఆమె ఒక బోండాను గోరంత తుంచి చట్నీలో అద్దుతోంది.

పెద్దాయన కూర్చున్నాడు. సగం లేచినవాళ్లు ఆయన్ను చూసి కూర్చున్నారు. వైస్ చైర్మన్ కుర్చీ మళ్లీ ముందుకు వచ్చింది.

"తినమ్మా, తిను" అన్నాడు చైర్మన్.

"తింటాండా కదప్పా. పండ్లు బాగలేవు, నిదానంగా తింటా. అంతలోపల మిగిలినవి చదవమనండి. ఊరికే యాల కూర్చోవాల?"

మేనేజరు చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ నారాయణప్ప వైపు చూశాడు. "చదువప్పా, మంచిమాటే కదా" అన్నాడు పెద్దాయన. ఇక చేసేది లేక మేనేజరు మొదలుపెట్టాడు. నా సర్వీసులో అంత వేగంగా సబ్జెక్టులు పోవడం చూడలేదు. చేతులకు నూనె, చట్నీ. ఎవరూ కాగితం ముట్టుకోలేరు, అందువల్ల అభ్యంతరాలు కూడా లేవు. చెయ్యి గాల్లో పట్టుకుని పాస్ పాస్ అంటున్నారు. రెండేళ్లుగా నలుగుతున్న శ్మశానం ప్రహరీ కూడా ఆ ఊపులో పాసైపోయింది.

చివరికి మునెమ్మ సబ్జెక్టు. మేనేజరు చదివాడు. పాస్ అనే మాట రాకముందే చైర్మన్ గొంతు సవరించుకుని, స్థలం గురించి ఇంకా పరిశీలించాల్సింది ఉందని మొదలుపెట్టాడు. అప్పుడే మునెమ్మకు బోండా గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. కావాలని దగ్గింది కాదు. నీళ్లు లేకుండా అన్ని బోండాలు తింటే ఎవరికైనా వస్తుంది.

నారాయణప్ప గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నీళ్లు తాగమ్మా. ఎప్పుడూ సూస్తాండా, నువ్వు నీళ్లే తాగవు."

ఆమె దగ్గు ఆపుకుని అడిగింది: "తాగితే యాడికి పోవాల పెద్దాయనా?"

ఆయనకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది, గొంతు పెంచకుండా. "మార్కెట్లో కూర్చునే ఆడోళ్లం పొద్దున లేసినప్పటి నుంచి నీళ్లు తాగమప్పా. తాగితే ఇంటికి పోయిందాకా ఓర్చుకోవాల. నాకు ఈ అలవాటు పెండ్లైన కాడినుంచి ఉండాది. మీ ఆఫీసులో కూడా ఆడోళ్లకు లేదు కదా, అందుకని ఈడ కూడా తాగను."

నారాయణప్ప ఆ గ్లాసు వైపు చూశాడు. ఆయన మండీలో శెనక్కాయలు వొలిచే ఆడవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు, అడిగేంతటి వాణ్ణి కాదు. "పాస్" అన్నాడు.

పెద్దాయన మాట కాదనలేక వైస్ చైర్మన్ ఎండిపోయిన చేతిని చూసుకున్నాడు. "పాస్ అనండప్పా, చట్నీ చేతికి అంటుకుపోతాండాది" అన్నాడు. మిగతావాళ్లు పాస్ అన్నారు. "సభ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని మేనేజరు రాసుకున్నాడు. మునెమ్మ ప్లేట్లో ఉన్న చివరి తునక నోట్లో వేసుకుని లేచింది. అప్పుడు కౌన్సిల్ అంతా లేచింది.

వసారాలో కొళాయి దగ్గర ఆమె చెయ్యి కడుక్కుంటుంటే గ్లాసుతో వెళ్లాను. "ఇప్పుడన్నా తాగమ్మా, పాసైపోయె కదా" అన్నాను.

"తీర్మానంలోకి పోలేం కదప్పా" అంది. "కట్టినాక తాగుతా." గ్లాసు ముట్టకుండా మెట్లు దిగి మార్కెట్‌కు పోయింది.

తీర్మానం అయిన పనికి అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఇవన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి, అంటే ఆలస్యంగా. కట్టడం పైకి లేచాక తాళం ఎవరి దగ్గర ఉండాలని ఇంకో గొడవ. ఆఫీసులో ఉంటే తెరిచేవాడు ఉండడని మునెమ్మ తాళం చెవి తన తట్టలో పెట్టుకుంది. దానికి తీర్మానం ఎవరూ చేయలేదు, రద్దూ చేయలేదు. తర్వాత ఆ దారిన పోయినప్పుడు ఆడవాళ్ల బుట్టల మధ్య ప్లాస్టిక్ బిందె ఒకటి, దాని మీద బోర్లించిన గ్లాసు కనిపించేవి. అంతకుముందు అక్కడ బిందె చూసిన గుర్తు నాకు లేదు.

కౌన్సిల్ కూడా ఒక మార్పు చేసుకుంది. ఆ మరుసటి నెల నుంచి టిఫిను ప్లేట్లలో పెట్టవద్దని, పొట్లాలు కట్టించి మీటింగు అయ్యాక చేతికి ఇవ్వమని చైర్మన్ నాకు నోటిమాటగా చెప్పాడు. పరిశుభ్రత కోసం అన్నాడు. దాంతో ఒకటి జరిగింది, ఆయన ఊహించనిది. పొట్లం చివర్లోనే దొరుకుతుంది కాబట్టి సభ్యులు చివరిదాకా కూర్చోవడం మొదలుపెట్టారు. వాయిదాలు తగ్గాయి. వద్దనుకున్న సబ్జెక్టులను దాచడానికి ఆయన వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత కౌన్సిళ్లు మారాయి. రికార్డు అసిస్టెంటుగా రిటైరయ్యేలోగా ఎందరో చైర్మన్లు టిఫినుకు చేసే సైగలు చూశాను. కొత్తగా చేరిన అటెండర్లు మీటింగు అంటే ఏమిటని అడిగితే ఒకటే చెప్పేవాణ్ణి. ఎజెండా చదవడం వస్తే మంచిదే. దానికంటే ముందు అందరూ ఎప్పుడు లేస్తారో, ఎవర్ని చూసి లేస్తారో కనిపెట్టుకో. మా ఊర్లో ఆ రోజు తీర్మానం చేయించింది మునెమ్మ అట్లా కనిపెట్టుకోవడమే.