సగం వేగంలో లేచే కెరటం

ఆ పడవ లారీ ఎక్కి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా వచ్చింది. టైడా దాటాక ఒక మలుపులో లారీ ఇరుక్కుంటే రెండు వైపులా బస్సులు ఆగిపోయాయి. అరకు వెళ్ళే టూరిస్టులు కిందికి దిగి దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. ఎర్రటి రంగు, మొనదేలిన ముక్కు, వెనక మంచమంత ఇంజను. కొండల మీదకి దీన్నెవడు తెస్తున్నాడా అని బస్సు కిటికీలోంచి నేనూ చూశాను. కొన్ని నెలల తర్వాత అదే పడవ నన్ను నీళ్ళపాలు చేసింది.

అరకు దాటి ఒడిశా సరిహద్దు వైపు వెళితే కొండల నడుమ పెద్ద జలాశయం ఉంది. పత్రికలో రిటైరయ్యాక దాని ఇటు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకున్నాను. అటు ఒడ్డు ఊళ్ళవాళ్ళు వారం వారం ఇటువైపు సంతకి రావాలి. రోడ్డు మీదైతే కొండ చుట్టి రావడానికి ఒక పూట పోతుంది. దోనెలో అయితే తీరిగ్గా ఒక చుట్ట కాల్చుకునేంత సేపు. ఒకే మాను తొలిచి చేసిన సన్నటి పడవ దోనె. అందులో కూర్చోవడం తెలిసినవాళ్ళకి అది కుర్చీ కన్నా నమ్మకమైనది.

ఆ రేవులో దోనె నడిపే ఆవిడని అందరూ అప్ప అంటారు, అక్క అని. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భర్త తొలిచిన దోనె అది. ఆయన పోయాక తెడ్డు ఆవిడ చేతికి వచ్చింది. సంత రోజున ఏ పనీ లేకపోయినా నేను ఆవిడతో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. పసుపు బస్తాలు, రాగులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి మధ్య నేను.

ఎర్ర పడవ యజమాని మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. ఒడ్డున రిసార్టు కట్టాడు. గుడారాలు, రంగు దీపాలు, వెదురు చికెన్. టూరిస్టుల్ని ఎక్కించుకుని తనే పడవ నడిపేవాడు. తల మీద తెల్ల టోపీ, కళ్ళకి నల్లద్దాలు.

ఇక్కడి కొండదారుల్లో ఒక మర్యాద ఉంది. ఎదురొచ్చే మనిషి నడక తగ్గించాడంటే మాట్లాడదలుచుకున్నాడని అర్థం. అప్పుడు ఇవతలివాళ్ళు, నెత్తి మీద ఎంత బరువున్నా సరే, పూర్తిగా ఆగి నిలబడాలి. ఆగకుండా పోతే పాత కక్షేదో ఉందని అనుకుంటారు.

ఆ సంత రోజు ఎర్ర పడవ మాకెదురుగా వచ్చింది. మమ్మల్ని చూసి వేగం తగ్గించింది. యజమాని టోపీ తీసి చెయ్యి ఊపాడు. అప్ప వెంటనే తెడ్డు పైకి తీసి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. పెద్దమనిషి ఏదో మాట్లాడతాడని ఆగింది. తెడ్డు ఆగేసరికి దోనె అడ్డం తిరిగింది. ఆయన మాట్లాడలేదు, అలాగే సాగిపోయాడు. ఆయన వెనక ఒక కెరటం లేచింది. అది చప్పుడు లేకుండా, నున్నగా, గోడలా వచ్చి దోనె పక్కకి తగిలి బోల్తా కొట్టించింది.

ఎవరూ చావలేదు. కోళ్ళు చచ్చాయి, బస్తాలు మునిగాయి. దోనె పోయి నీటి కింద ఉన్న పాత మోడుకి కొట్టుకుని నిలువునా చీలింది. ఒడ్డున తడిబట్టలతో కూర్చుని అప్ప ఆ చీలికలో వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది. అంతే, ఏడవలేదు.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. ఎర్ర పడవలోని టూరిస్టు ఒకడు ఫోనులో తీసిన వీడియో అప్పటికే ఊరంతా తిరుగుతోంది. అందులో అంతా స్పష్టంగానే ఉంది. పడవ వేగం తగ్గింది, యజమాని టోపీ తీశాడు, దోనె అడ్డం తిరిగింది. అక్కడితో వీడియో అయిపోయింది. దాని కింద కామెంట్లలో జనం ఆయన సంస్కారాన్ని మెచ్చుకున్నారు, వీళ్ళకి పడవలో కూర్చోవడం కూడా రాదని నవ్వారు. అధికారి మమ్మల్నందర్నీ ఒకటే అడిగాడు, ఆయన తగ్గించాడా లేదా అని. తగ్గించాడని అందరమూ చెప్పాం. నిజమే మరి. సంత రోజుల్లో దోనెలు నీటి మీదకి రాకూడదని, జనం రిసార్టు పడవల్లోనే దాటాలని ఉత్తర్వు వచ్చింది. అప్ప తన మరిది దగ్గర్నుంచి ఇంకో దోనె తెచ్చుకుంది గానీ అది ఒడ్డున బోర్లాపడి ఎండుతోంది. తెడ్డు తప్ప ఆవిడకి వేరే బతుకు లేదు.

నేను పనిచేసిన పత్రికకే ఈ సంగతి రాసి పంపాను. వాళ్ళు వేశారు. మరునాడే అదే పేజీలో యజమాని వివరణ, నాకన్నా పెద్ద అక్షరాల్లో. నడిరోడ్డు మీద, టీ కొట్టు ముందు, అందరూ వింటుండగా ఆయన నన్ను పలకరించాడు.

"విలేకరి గారూ, పడవ గురించి రాసేముందు ఓసారి పడవ పట్టుకుని చూడాలండీ. పెన్ను తిప్పినంత తేలిక కాదు."

టీ కొట్టువాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. వార్తలు రాసిన ఇన్నేళ్ళలో ఎంతోమంది మీద కోపం వచ్చింది, పోయింది. ఇది పోలేదు. తెల్లారి లేచేసరికి నాకన్నా ముందే లేచి కూర్చునేది. వారం తిరక్కుండా రిసార్టుకి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"మీరన్నది నిజమేనండీ. నేర్పిస్తారా?"

పొగడ్త పుచ్చుకోవడంలో ఆయనకి మొహమాటం లేదు. పొద్దున్నే టూరిస్టులు లేవకముందు రమ్మన్నాడు.

నేర్పడం మాత్రం బాగా నేర్పాడు, కాదనను. ఆ పడవ వెనక అంచున, నీటి మట్టంలో, ఎడమ పక్కొకటి కుడి పక్కొకటి స్టీలు పలకలుంటాయి. తలుపు రెక్కల్లా మడతబందులతో బిగించి ఉంటాయి. ట్రిమ్ ట్యాబ్‌లంటారు. స్టీరింగు పక్కనున్న బటన్లు నొక్కితే అవి కిందికి వంగుతాయి. వంగిన పలకని పారే నీరు పైకి నెడుతుంది. దాంతో పడవ వెనకభాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. ఎదురు కెరటాలున్నప్పుడు ముక్కు దించుకోవాలి. పూర్తి వేగంలో పలకలు పైకి తీసెయ్యాలి, లేదంటే ముక్కు నీటిని తవ్వి పడవ పక్కకి విసురుతుంది. ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి.

యజమాని భారీ మనిషి. ఆయన ఎడమ సీట్లో కూర్చుంటే పడవ ఎడమకి ఒరిగేది. ఎడమని లేపాలని నేను ఎడమ బటనే నొక్కాను. ఇంకా ఒరిగింది. ఇంకా నొక్కాను.

"అయ్యా అయ్యా, అదేంటండీ! ఎడమ బటన్ వంచేది కుడి పలకని, కుడి లేచి ఎడమ దిగుద్ది. కుడి నొక్కండి! పేపరోళ్ళు ఎప్పుడూ ఇంతే, ఇల్లు ఓ వైపు తగలబడితే నీళ్ళు ఇంకో వైపు పోస్తారు."

"మీరు కొంచెం జరిగితే సరిపోతుందేమో కదండీ?"

"నేను జరగడానికా అంత ఖరీదు పెట్టి బటన్లు పెట్టించుకుంది!"

ఇంకోరోజు పలకలు దించి ఉంచి వేగం పెంచేశాను. ముక్కు నీటిలోకి దిగి పడవ గిరుక్కున తిరిగింది. ఆయన నల్లద్దాలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి. అవి మునిగిపోతుంటే నేను పైకి క్షమించమన్నాను.

"నొక్కండి, వదలండి, ఆగండి. పలక వంగడానికి టైం పడుద్ది, పడవకి తెలియడానికి ఇంకాస్త టైం పడుద్ది. తొందరపడి మళ్ళీ నొక్కకూడదు" అని చెబుతూండేవాడు. ఆగడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన పక్కన కూర్చోవడమే ఆగడం.

ఒక పొద్దున, పొగమంచు విడుతుండగా, ఒడ్డుకి వస్తూ నేను వేగం సగానికి తగ్గించాను. ముక్కు పైకి లేచింది. ఎదురుగా కొండలు కనపడలేదు, ఆకాశమే. ఆయన నా చేతి మీద కొట్టాడు.

"సగం వేగంలో ఎప్పుడూ ఉండకూడదండీ! వెనక చూడండి."

చూశాను. పడవ వెనక నీటిలో గొయ్యి పడి ఉంది. దాని అంచు నుంచి నున్నటి గోడ లేచి ఒడ్డుకేసి వెళుతోంది. నేను దాన్ని గుర్తుపట్టాను.

"ఫుల్ స్పీడులో పడవ నీళ్ళ మీద తేలిపోద్ది, కెరటం చిన్నది. పూర్తిగా స్లో చేస్తే అసలుండదు. ఈ సగం ఉంది చూశారూ, ఇదే దరిద్రం. పలకలు పైకి ఉంటే మరీను. మొదటివారమే నా రేవు చెక్కలు ఊడగొట్టుకున్నాను దీంతో."

మొదటివారమే అన్నాడు. అంటే మమ్మల్ని ముంచేనాటికి ఆయనకి ఈ సంగతి తెలుసు. టోపీ తీసి చెయ్యి ఊపుతూ తన వెనక ఏం లేస్తోందో తెలిసే పోయాడు. పూర్తిగా ఆగితే టూరిస్టుల హుషారు పోతుందని ఆగలేదు. "ఓహో, అలాగా" అన్నాను. ఎన్నో ప్రెస్‌మీట్లలో అలవాటైన మాట అది.

ఆ సాయంత్రం అప్ప నా ఇంటి మెట్ల మీదకి వచ్చింది, లోపలికి రాలేదు.

"ఏటి బావూ, ఆడికాడ పడవ నేర్సుకుంతన్నావట? నా దోనె ముంచినోడి పక్కన కూకొని నవ్వుతన్నావు. ఒడ్డుమీంచి సూసినాను. సిగ్గునేదా?"

కూర్చోబెట్టి అంతా చెప్పాను. గొయ్యి, గోడ, రేవు చెక్కలు.

"ఆడికి తెల్సా? తెల్సే సేసినాడా?"

"తెలుసు అప్పా."

"మరైతే బేగి నేర్సుకో."

అదను ఆయనే ఇచ్చాడు. పడవ లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి, అదే అధికారి చూడ్డానికి వస్తున్నాడు. పాత వీడియో కింద కామెంట్లు పెట్టేవాళ్ళలో కొందరు ఈమధ్య ఆయన్ని తిడుతున్నారు. కొత్త వీడియో కావాలని గొణిగాడు. నేనన్నాను, "మీరే దోనెలో కూర్చోండి. అప్ప తెడ్డు వేస్తుంది. ఆ రోజు మీరెంత తగ్గించారో అంతే తగ్గించి నేను పక్కనుంచి వెళతాను. అంత రాసిన విలేకరే నడుపుతున్నాడంటే ఇంకెవరు మాట్లాడతారు?"

ఆయన మొహం వెలిగిపోయింది. సగం అన్న మాట నేనూ ఎత్తలేదు, ఆయనకీ తట్టలేదు. "మీరు పత్రికలో కన్నా ఇక్కడే బాగా పనికొస్తారండీ!"

అప్పకి ఒక్కటే చెప్పాను. "పడవ తగ్గిందని తెడ్డు ఆపకు. దోనె ముక్కు కెరటానికి ఎదురుగా తిప్పు."

"మనిసి ఆగితే నాను ఆగొద్దా? తప్పు కాదా బావూ?"

"ఆ పడవ ఆగదు. తగ్గుతుంది, అంతే."

ఆ పొద్దున ఎండ బాగా కాసింది. రేవు చెక్కల మీద అధికారి, ఆయన వెనక సంత జనం, ఫోను పట్టుకున్న రిసార్టు మేనేజరు. దోనె మధ్యలో యజమాని, ఇస్త్రీ చొక్కా, నారింజ లైఫ్ జాకెట్టు, తెల్ల టోపీ. వెనక అప్ప. నేను దూరం నుంచి పూర్తి వేగంలో వచ్చాను. పలకలు రెండూ పైకి తీశాను. పడవ నీటి మీద చాపలా పరుచుకుని పరుగెత్తింది. దోనె దగ్గరయ్యాక వేగాన్ని సగానికి తెచ్చాను. అక్కడ నిలపడమే కష్టం. కొంచెం తగ్గినా పడవ చప్పబడిపోతుంది, కొంచెం పెరిగినా తేలిపోతుంది. కుడికి ఒరగబోతే ఎడమ బటన్ ఒక్కసారి నొక్కాను, వదిలాను, ఆగాను. ముక్కు ఆకాశంలోకి లేచింది. పక్కకి తిరిగి టోపీ లేని తల వంచి చెయ్యి ఊపాను.

ఆయన ఫోను కోసం దోనెలో లేచి నిలబడి చెయ్యి ఊపాడు. అప్ప తెడ్డుతో దోనెని తిప్పేసింది. కెరటం వచ్చింది. దోనె ముక్కు దాని మీదకెక్కి దిగింది. నిలబడ్డ మనిషి మాత్రం దిగలేదు, పక్కకి, నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

తేలాక మొదటి ఊపిరితోనే అరిచాడు.

"ఒరేయ్ ముసలోడా! దోనె పక్కన సగం స్పీడులో ఎవడన్నా పోతాడా? కెరటం లేచి ముంచేస్తదని ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!"

నీటి మీద మాట దూరం పోతుంది. రేవు మీద అందరూ విన్నారు. మేనేజరు ఫోనూ విన్నది. అధికారి నావైపు, నీటిలోని మనిషివైపు మార్చి మార్చి చూశాడు. నేను పడవ పూర్తిగా ఆపేసి కూర్చున్నాను. అంత సుఖంగా ఎన్నడూ కూర్చోలేదు.

యజమాని దోనె అంచు కోసం చెయ్యి చాచాడు. అప్ప తెడ్డు పైకి తీసి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. ఆయన చేతికి అందకుండా కాస్త దూరంలో దోనె ఆగింది.

"లాగవే! ఏం చూస్తున్నావ్?"

"ఆగినారు కదా బావూ. ఏటో మాటాడతారని ఆగినాను."

జాకెట్టు ఉంది కాబట్టి ఆయనకి ప్రమాదం లేదు. అది తెలిసే ఆవిడ తీరుబడిగా కూర్చుంది. ఒడ్డున ఎవరో నవ్వు మొదలుపెట్టారు. అది రేవంతా పాకాక గాని ఆవిడ తెడ్డు చాచి అందించలేదు.

దోనెల మీద ఉత్తర్వు ఎత్తేశారు. సంత రోజున దోనె కనపడితే ఎర్ర పడవ ఇంజను పూర్తిగా ఆపి, దోనె దాటిపోయేదాకా నిలబడాలన్నది కొత్త షరతు. ఆయన నాతో మాట్లాడడు. నాకా లోటు లేదు.

ఇప్పుడు సంత రోజుల్లో అప్ప పనిగట్టుకుని ఆయన పడవకి ఎదురుగా వెళుతుంది. ఆయన ఇంజను ఆపుతాడు. ఆగిన మనిషి ముందు ఆగకపోవడం తప్పు కదా, ఆవిడా ఆగుతుంది. తెడ్డు మోకాళ్ళ మీద పెట్టుకుని, టూరిస్టులంతా వింటుండగా, గొంతెత్తి అడుగుతుంది.

"బాగున్నారా బావూ? ఏటి కూర వొండుకున్నారు? ఆ రోజు నీళ్ళు తాగినారు, జలుబు తగ్గినాదా?"

దోనె కదిలేదాకా ఆయన కదలకూడదు. అప్పకి తొందర ఉండదు. పసుపు బస్తాల మధ్య నేను కూర్చుని ఆయన జవాబు కోసం చూస్తూ ఉంటాను. చెప్పేదాకా ఆవిడ తెడ్డు వెయ్యదు.

"వంకాయ" అంటాడు చివరికి.