బాబాయి కత్తి, మా వీధి ఆర్కిడ్లు

పోయిన నెల మా బాబాయి కన్నుమూశాడు. సొంత బాబాయి కాదు, వన్ టౌన్‌లో మా పక్కింటాయన, పోర్టులో ఓడల సరుకు ఎత్తి దించే వించ్ డ్రైవరు. నేను డాక్ గేటు దగ్గర కరపత్రాలు పంచుతుంటే అమ్మ రిక్షాలో వచ్చి, "బాబాయి పోయాడ్రా" అంది. చేతిలో మిగిలిన కాగితాలు ఏం చేశానో ఇప్పటికీ గుర్తులేదు.

ఆయన పెంకుటింటి చూరు నిండా కొబ్బరి పీచులో ఆర్కిడ్లు వేలాడేవి. వీధిలో పెళ్ళైనా, బిడ్డ పుట్టినా, లుంగీకి కత్తి తుడుచుకుని ఒక పిలక కోసి ఇచ్చేవాడు. బాబాయి పిలక లేని చూరు మా వీధిలో లేదు.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలం ఆకుల మీద పసుప్పచ్చ చారలు లేచాయి. తర్వాత నల్లగా గుంటలు పడ్డాయి. పూలు మచ్చలతో విచ్చుకున్నాయి. ఫ్యాక్టరీ పొగ వల్లే అన్నాను నేను. పొగ మీద నా దగ్గర కరపత్రం ఉంది మరి. బాబాయి మాత్రం ఒక ఆకు కాగితంలో చుట్టి, నన్ను వెంటేసుకుని వ్యవసాయాఫీసుకు నడిచాడు.

అక్కడి ఆఫీసరు చూడగానే వైరస్ అన్నాడు. మందు లేదు. మొక్క రసంలో ఉంటుంది, కోసిన కత్తికి అంటుకుని తర్వాతి మొక్కలోకి ఎక్కుతుంది. జబ్బు మొక్కల్ని తగలబెట్టాలి, ప్రతి కోతకూ ముందు కత్తిని మంటలో కాల్చాలి.

"అంటే ఇంటింటికీ నానే పంచినాన్రా," అన్నాడు బాబాయి తిరిగొస్తూ.

"నీకేం తెలుసు బాబాయ్? చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. అర్జీ పెడదాం."

"నీ అర్జీ సదివి ఆకు బాగుపడిపోద్దేట్రా? గోనెసంచి అట్టుకురా."

గడప గడపకూ వెళ్ళి, ఇచ్చిన మొక్కను తనే వెనక్కి అడిగాడు. టైలర్ గారి భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా పాప పుట్టినప్పుడిచ్చినావు. ఇచ్చిన సెయ్యి తిరిగి అడుగుద్దేటి అన్నయ్యా?"

నేను ఉపన్యాసం మొదలెట్టాను. ఆయన నా భుజం నొక్కి, ఆకును ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, ఆవిడనూ చూడమన్నాడు. వెలుతురులో చారలు కనిపించాయి.

"తప్పు నా కత్తిది సెల్లెమ్మా. మంచి పిలక మళ్ళీ నానే తెచ్చిత్తాను."

ఆవిడే చూరు నుంచి మొక్క దించింది. ఆ మాటే ఇంటింటికీ ఇచ్చాడు. అన్నీ పెరట్లో పోగేసి కాల్చాడు.

వంటింటి కిటికీలో, ఎప్పుడూ కత్తి పడని మొక్క ఒక్కటే మిగిలింది. రోజూ దాని ఆకులు చూసేవాడు. "ఇంకెన్నాళ్ళు బాబాయ్?" అని విసుక్కునేవాణ్ణి. "పెరగనీరా. నీకు విప్లవం కూడా రేప్పొద్దున్నే కావాల" అనేవాడు. ఈ వేసవికి పిలకలు కోతకొచ్చాయి. ఆయనే లేడు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక వీధి ఆడవాళ్ళు గుర్తుగా పిలక అడిగారు. ఇద్దరి చేతుల్లో కూరల కత్తులు. నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీకి అడ్డంగా నిలబడి, "అప్పుడెందుకు కాల్చాడో మర్చిపోయారా? ఎవరికీ లేదు, పొండి" అని కేకలేశాను.

పిన్ని లోపలి నుంచి ఆయన కత్తి తెచ్చింది. "మాటిచ్చింది నువ్వు కాదురా, ఆయన. పొయ్యి ఆరిపోనాది. ఆ దీపంలో కాల్చు."

బాబాయి పటం ముందు పెట్టిన దీపం. అందులో కత్తి కాల్చడమేంటని ఆగాను.

"ఆయన దీపమే కదరా," అంది పిన్ని.

కాల్చి కోశాను. మళ్ళీ కాల్చి మళ్ళీ కోశాను. కత్తి నల్లబడింది, పటం అద్దానికి మసి పట్టింది. మొదటి పిలక టైలర్ గారి భార్యకిచ్చాను.

అయినా మనసు నిలవడం లేదు. పైకి శుభ్రంగా ఉన్న మొక్కలోనూ వైరస్ దాగుండొచ్చని అప్పుడే చెప్పాడు ఆ ఆఫీసరు. అందుకే పొద్దున్నే ప్రతి చూరు కిందా ఆగుతున్నాను. నిన్న టైలర్ గారి భార్య నాకంటే ముందే లేచింది. చీపురు చంకలో పెట్టుకుని, ఆకును రెండు వేళ్ళతో ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తోంది.