నోటికీ ఒక వానాకాలం

నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే తవిటమ్మది అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. గాలికి ఆరదు, బూడిద చీర మీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పెళ్లినాటికే అలవాటైపోయింది.

అంగిట్లో పుండు లేచినప్పుడు ఆమె చుట్ట మానలేదు సరికదా, ఇంకాస్త ఎక్కువ కాల్చింది. కాలు బెణికితే కాపడం పెడతాం కదా, దీనికీ వేడి తగిలితే మాడిపోతుందనుకుంది. పులుసుముద్ద మింగలేక కళ్లనీళ్లు పెట్టుకున్న రోజున కోడలు గౌరి బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకుపోయింది. పళ్ల డాక్టరు అరుణశ్రీ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

ఫలితం కోసం మళ్లీ వెళ్లినప్పుడు, "క్యాన్సర్ కాదు పెద్దమ్మా. ఇంకా కాలేదు, అంతే. చుట్ట మానకపోతే అవుతుంది" అంది డాక్టరు.

"మరి ఈ వాపేటి? నిప్పుకి సచ్చిపోవాల గదా?"

"నిప్పే దాన్ని పెంచుతోంది. కాలిన కణాల్లోంచి వాపు సంకేతాలు బయల్దేరతాయి. అవి అందగానే పక్క కణాలు కెమోకైన్లనే పదార్థాలు తయారుచేస్తాయి. ఆ జాడ పట్టుకుని తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. చర్మంలోనూ ఇంతే, నోట్లోనూ ఇంతే."

"సాయానికొచ్చినట్టే గదా!"

"పనయ్యాక వెళ్లిపోతే సాయమే. నువ్వు పూటపూటా కాలుస్తుంటే పిలుపు ఆగదు, వచ్చినవి కదలవు. చివరికి మంచి కండనీ పాడుచేస్తాయి."

"పందిరిప్పీసినా పెళ్లోళ్లు పోనట్టు" అంది గౌరి.

"నీ పుట్టింటోళ్లలాగ" అంది తవిటమ్మ.

తిరుగు బస్సులో ఆమె తన పాదాలకేసి చూసుకుంది. ఎండాకాలమంతా ఉప్పునీళ్లలో పగిలి, ఎర్రగా వాచి ఉంటాయి. వానలు పడి మడుల పని ఆగితే ఏ మందూ రాయకుండానే మానుతాయి. నోటికి మాత్రం తను ఏనాడూ వానాకాలం రానివ్వలేదు.

ఇంటికి రాగానే చుట్టలకట్ట గౌరి చేతిలో పెట్టింది. "దాసీకు, పారీ. దాస్తే నాను ఎతుక్కుంతాను."

మానడం తేలిక కాలేదు. కర్రపలకతో ఉప్పు లాగుతుంటే నోరు పీకేది. వేయించిన చింతపిక్క బుగ్గన పెట్టుకునేది. "సుట్ట నేకపోతే నీ మొకం నీ మొకంలాగే నేదే!" అని తోటివాళ్లు ఏడిపించేవారు.

మడుల పని ఆగాక మళ్లీ చూపించుకుంది. పుండు పూడింది, ఎరుపు తగ్గింది. తెల్లమచ్చ మాత్రం కొంచెం మిగిలింది.

"నయమవుతోంది. కానీ చూపించుకుంటూనే ఉండాలి" అంది డాక్టరు.

ఊళ్లో బస్సు దిగగానే తవిటమ్మ కోడలికేసి తిరిగింది.

"ఒసే, ఇయ్యాల సేపల పులుసెట్టు. కారం తగ్గించీకు."