గడప దగ్గర ఒక ప్రశ్న

మా ఫిజిక్స్ సారు పోయారు. గురువారం పొద్దున నేను ఆఫీసులో ఫైళ్ళు ముందేసుకుని ఉండగా, తిరుచానూరు లాడ్జీలో గుమాస్తాగా ఉన్న నా స్నేహితుడు సైకిల్ మీద వచ్చి చెప్పాడు. "సారు పోయినాడప్పా. పూతలపట్టులో, బస్సు కోసం కూసోనుండంగానే." వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ఆదివారం ఆట ఉండాది గదప్పా" అన్నాను.

ఐరాలలో బంధువుల పెళ్ళి చూసుకుని తిరిగి వస్తున్నారట. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. కునుకు తీస్తున్నారనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. రెండు తిరుపతి బస్సులు వచ్చి పోయాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు. తలనొప్పి అని కూడా ఏనాడూ అనని మనిషి. రెండు బస్సులు పోయాయి. ఆ మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది, ఇంకా అక్కడే ఉంది.

ఆట సంగతి చెప్పాలి. మద్రాసులో పాత పుస్తకాల అంగడిలో ఆయనకు సగం పేజీలు ఊడిపోయిన ఇంగ్లీషు ఆటపుస్తకం ఒకటి దొరికింది. పావులు జరిపే ఆట కాదది. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక కల్పిత మనిషిగా మాట్లాడాలి, ఒకరు కథ నడపాలి. పుస్తకంలో కత్తులూ రాక్షసులూ ఉన్నాయట. సారు వాటిని తీసేసి రెండొందల ఏళ్ళ తర్వాతి లోకాన్ని పెట్టారు. అక్కడ గుండె చెడితే కొత్త గుండె, కాలు పోతే ఇనుప కాలు. ఒళ్ళంతా పోతే, పెట్టెలో దాచిన జ్ఞాపకాలను కొత్త ఒంట్లోకి ఎక్కిస్తారు. "పరకాయ ప్రవేశమే గదా సార్" అన్నాడు లాడ్జీ గుమాస్తా. "అవునప్పా, కాకపోతే దీనికి కరెంటు గావాల" అన్నారు సారు.

ఆదివారం మూడు గంటలకు ఆయన ఇంట్లో కూర్చునేవాళ్ళం. నేను, లాడ్జీ గుమాస్తా, మాతో పాటు ఒక టైలరు. పాచికలకు బదులు నాలుగు చింతపిక్కలు, ఒక పక్క తెల్లగా అరగదీసినవి. పారిపోవాలన్నా, బతకాలన్నా అవే తేల్చేవి. టైలరు ఆటలో తన మనిషికి నాలుగు చేతులు పెట్టించుకున్నాడు, పని తొందరగా అవుతుందని. సారు జేబులోని సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు ఆలోచించి, "నాలుగు చేతులతో దండం ఎట్ల పెడతావప్పా?" అని అడిగారు. ఆ పూటంతా ఆట సాగలేదు, దాని మీదే వాదన.

ఒక్క చోట మాత్రం చింతపిక్కలు వేయనిచ్చేవారు కాదు. కొత్త ఒంటితో ఇంటికి వచ్చినవాడు గడప బయట నిలబడాలి. ఇంట్లోవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు విని వాళ్ళు 'వీడు మావాడే' అంటే లోపలికి. లేదంటే జ్ఞాపకాలన్నీ ఉన్నా వాడు వేరే మనిషే. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. జ్ఞాపకాలుంటే చాలదా అని ఆయనతో ఏళ్ళ తరబడి కొట్లాడాను. "పెట్టె చెప్తే చాలదప్పా, గడప ఒప్పుకోవాల" అనేవారు.

ఆ నియమం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. డిగ్రీ తప్పినప్పుడు మా నాయన నాతో మాట మానేశాడు. సారు మా ఇంటికొచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప బయటే నిలబడి, "మార్కులు మారినాయి గానీ పిల్లోడు మారలేదు. గుర్తు పట్టుకో" అన్నారు. ఆ రాత్రి నాయన నన్ను అన్నానికి పిలిచాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు దోవలో పడింది.

పోయిన ఆదివారం ఆటలో నా మనిషి కాలిపోయి, ఇనుప ఒంటితో తల్లి గడప దగ్గరికి వచ్చాడు. తల్లిగా మాట్లాడాల్సింది సారే. గడియారం చూసి, "ప్రశ్న వచ్చే వారం అడుగుతాలే" అన్నారు.

ఈ ఆదివారం మూడింటికి మేం ముగ్గురం, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఆ ఇంటికి చేరాం. దీపం వెలుగుతోంది. సారు భార్యను మేం అక్కా అంటాం. ఆమె బల్ల మీద చింతపిక్కలు తెచ్చి పెట్టింది. "ఆడుకోండప్పా. ఇల్లు మరీ సద్దు లేకుండా ఉండాది" అంది. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన నోటు పుస్తకం తెరిచి, ఆయన గొంతు తెచ్చుకుని కథ మొదలుపెట్టాను. బాగానే వచ్చింది. టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. "సారు మాదిరే ఉండాది" అన్నాడు లాడ్జీ గుమాస్తా.

అక్క గోడకు ఆనుకుని వింటోంది. "అయితే నేనొకటి అడుగుతా" అంది నన్ను చూస్తూ. "పెళ్ళికి పోతా పోతా గడప దాటి, మళ్ళా తిరిగి సూసి, 'నీకొకటి చెప్పాల, వచ్చినాక చెప్తాలే' అన్నాడు మీ సారు. ఏం చెప్పాలనుకున్నాడు?"

ఆయన పుస్తకం నా చేతిలో ఉంది, ఆయన మాటలన్నీ నాకు నోటికి వచ్చు. 'తెలీదని చెప్పేదానికీ సదువు గావాల' అని క్లాసులో అనేవారు. "తెలీదక్కా" అని కుర్చీలోంచి లేచాను. ఆమె తలూపింది. కోపం లేదు, ఏడుపు కూడా లేదు.

చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు. చెప్పకుండా లేచి రావాలి. అది పసిపిల్లలకు కూడా తెలుసు. గడప దాటుతూ, ఇన్నేళ్ళ అలవాటుతో, "పోయొస్తామక్కా" అనేశాను. లాడ్జీ గుమాస్తా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మళ్ళా రాండప్పా" అంది అక్క. "ఎవురో ఒకరు ఆ మాట నిలబెట్టుకోవాల గదా."

వీధి మలుపులో తిరిగి చూశాను. రెండు తలుపులూ బార్లా తెరిచి, ఆమె గడప లోపలే నిలబడి ఉంది.