చిన్నమ్మ పీట, నా గేటు

మార్చి నెల ఆదివారం, పదకొండున్నర. హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకున్నాను. రెండున్నరకల్లా ధర్మవరంలో ఉండాలి. ఆ టైముకు యూరప్‌లో ఒక మంచుకొండ మీద మా పిల్ల దూకుతుంది.

మా పిల్ల అంటే మా ఇంటి పిల్ల కాదు. స్కీ జంపింగ్ అమ్మాయి. నేను హిందూపురంలో డ్రిల్లు టీచర్ని. మా బడి పిల్లలు ఇసుకలో నాలుగు మీటర్లు దూకితేనే టేపు పట్టుకుని గంతులేసేదాన్ని. అలాంటిది కాళ్లకు తనకన్నా పొడుగు పలకలు కట్టుకుని, ఎత్తు నుంచి జారి, నూట ముప్పై మీటర్లు గాల్లో పోయే ఆడపిల్లను ఫోన్లో చూస్తే నాకు మతి నిలుస్తుందా? రెండేళ్ల కిందట ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా చిన్నమ్మకు చూపించాను. ఆ పిచ్చి ఆమెకు నాకన్నా ముదిరింది. నవంబరు నుంచి మార్చి దాకా శని, ఆదివారాల్లో మగవాళ్ల పోటీలూ ఆడవాళ్ల పోటీలూ ఒక్కటి వదలం. ఆమె అక్కడ, నేనిక్కడ, ఫోన్లో అరుచుకుంటూ చూస్తాం.

చిన్నమ్మకొక పట్టింపు ఉంది. జారే ముందు ఆటగాళ్లు కూర్చునే కమ్మీని ఆమె ‘పీట’ అంటుంది. మా పిల్ల పీట మీద కూర్చోగానే మగ్గం ఆపేస్తుంది. ఆ పిల్ల నేల మీద దిగడం కళ్లారా చూశాకే మళ్లీ ఆడిస్తుంది. పోయినేడు సీజన్ ఆఖరి దూకులో మా పిల్ల చేతిదాకా వచ్చిన కిరీటం పోగొట్టుకుంది. చిన్నమ్మ అది ఇంట్లో ఒంటరిగా చూసి, రెండు రోజులు మగ్గం జోలికే పోలేదు. ఈ ఏడూ కిరీటం ఇవాళ్టి ఆఖరి పోటీలోనే తేలుతుంది.

“ఈ తూరి నువ్వు పక్కనుంటేనే చూస్తా పాపా. లేకుంటే ఫోనే తెరవను” అని తేల్చి చెప్పింది. వస్తానని మాటిచ్చాను.

పన్నెండున్నరకు పెనుకొండలో దిగాను. ధర్మవరం బస్సు లేదు. బోండాలు తిన్నాను, టీ తాగాను, ఒకటిన్నరయింది, ఇంకో టీ తాగాను. తోచక కోట కొండ వైపు చూస్తూ, ఆ కొసన జారుడుబల్ల కడితే ఏ వీధిలో దిగొచ్చో లెక్కలేస్తున్నాను. చింతపండు మూట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ నన్ను గమనించింది.

“కొండ కల్లా ఏం చూస్తాండావమ్మా?”

“ఆ పైనుంచి ఒక పిల్ల దూకితే యాడ పడుతుందా అని చూస్తాండా అవ్వా.”

“అయ్యో! యా పిల్ల? ఏం కష్టమొచ్చెనమ్మా దానికి?”

పాత వీడియో చూపిస్తే గానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు. “మనిషే! మనిషే ఎగురుతాండాది!” అని అవ్వ చప్పట్లు కొడుతుంటే నా బస్సొచ్చింది. రెండూ ఇరవై.

బస్సులోనే ఫోన్ తెరిచాను. మొదటి దూకులు మొదలయ్యాయి. కండక్టరు తొంగిచూశాడు.

“ఏం మేడమ్, క్రికెట్టా?”

కాదని, మొత్తం విడమర్చి చెప్పాను. ఒక్కొక్కరికి రెండు దూకులు, మొదటిదాంట్లో ముందున్నవాళ్లు రెండోదాంట్లో ఆఖరున దూకుతారు. ఎదురుగాలి ఎక్కువైతే మరీ దూరం పోయి దెబ్బలు తగులుతాయి కాబట్టి కూర్చునే కమ్మీని కిందికి దించుతారు, దాన్నే గేటంటారు.

“మా బండికి ఎదురుగాలొస్తే డీజిలు తాగుతాది. ఈ పిల్ల ఎగురుతుందా!” అన్నాడతను.

సరిగ్గా మా పిల్ల వంతు రాబోతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. “యాడికొచ్చినావు పాపా?”

“గేటు దించినారు చిన్నమ్మా! గేటు!” అని అరిచాను. సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి మా పిల్ల మొదటి స్థానంలో ఉంది. బస్సులో సగం మంది నాతో పాటు కేకలేశారు.

మూడూ ఇరవై ఐదుకు ధర్మవరం. ఆటోలో ఇంటికి పోతే తాళం.

“నువ్వు రైల్వే గేటు కాడ చిక్కుకున్యావంటనే! తీసుకొస్తానని స్కూటీ ఎక్కి పాయె” అంది ఎదురింటామె.

నెత్తి కొట్టుకున్నాను. చిన్నమ్మ దగ్గర ఎప్పుడూ పీట అనేదాన్ని. కండక్టరుకు పాఠం చెప్పి చెప్పి, ఆమెకూ గేటని వాగాను. ఫోన్ చేస్తే ఎత్తదు. అదే ఆటోను గేటు దగ్గరికి పరుగెత్తించాను. ఫోన్లో రెండో దూకులు అయిపోవస్తున్నాయి. ఇంకా ఆరుగురు, నలుగురు, ఇద్దరు.

మేం చేరేసరికి గేటు నిజంగానే పడింది. గూడ్సు పోతోంది. పెట్టెల సందుల్లోంచి, నన్ను వెతుకుతూ పట్టాలు దాటిపోయిన చిన్నమ్మ ఆకుపచ్చ చీర అవతల కనబడుతూ మాయమవుతూ ఉంది. మా పిల్ల పీట మీద కూర్చుంది. అక్కడ ఎర్రలైటు. గాలి బాగాలేదని ఆమెను లేపేశారు. నా జీవితంలో గాలికి అంత గట్టిగా దండం పెట్టలేదు. ఆఖరి పెట్టె పోయింది, గేటు లేచింది, చిన్నమ్మ స్కూటీని నడిదారిలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

“చూసినావా?” అన్నాను.

“నువ్వు లేకుండా యాడ చూస్తా!”

మా పిల్ల మళ్లీ కూర్చుంది. పచ్చలైటు. జారింది, లేచింది, గాల్లో పలకలు రెక్కల్లా చాపింది. అక్కడే ఫోన్ నిలిచిపోయింది. మా పిల్ల ఆకాశంలో, ఆమె మీద గిర్రున తిరిగే సున్నా. నేనూ చిన్నమ్మా ఒకరి చెయ్యి ఒకరం నలిపేసుకున్నాం. బొమ్మ కదిలేసరికి ఆమెను అందరూ వాటేసుకుంటున్నారు, పేరు పక్కన ఒకటి. కిరీటం మాదే! ఇద్దరం అక్కడే గంతులేశాం. వెనక లారీలు హారన్లు కొట్టాయి.

“ఎవురమ్మా మీరు? దావ ఇడ్సండి!” అని గేటుమ్యాన్ అరుస్తున్నాడు.

ఇంట్లో చిన్నమ్మ వేడివేడి ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. మగ్గం వైపు మాత్రం పోలేదు.

“గెలిచె కదా చిన్నమ్మా?”

“దిగేది చూడలేదు కదా. మనకు ఇంగా గాల్లోనే ఉండాది.”

ఆరుంబావుకు హిందూపురం రైలెక్కాను. ఈ దారిన వచ్చేవాళ్లు పెనుకొండలో రెండు టీలకు సిద్ధపడి రండి. మిగతా ప్రయాణమంతా సుఖమే. నాకైతే నేల మీద ఇంత దూరం ఎగిరిన రోజు ఇంకొకటి గుర్తులేదు.

పెనుకొండ వస్తుండగా ఆ దూకు వీడియో దొరికింది. చిన్నమ్మకు పంపి ఫోన్ చేశాను. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం ఒకేసారి నొక్కాం. మా పిల్ల జారింది, లేచింది, పోయింది పోయింది, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి మంచు మీద మెత్తగా దిగింది.

“దిగె” అంది చిన్నమ్మ. తర్వాత ఫోన్లో టక్, టక్ మని మగ్గం ఆడసాగింది.