మర్వొద్దన్న సాలెం అన్న

సాలెం అన్న ఇక లేడు. పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, ఇక్కడ గల్ఫ్‌లో, బౌషర్‌లోని ఒక ఆసుపత్రిలో, యాభై ఎనిమిదో ఏట కన్నుమూశాడు. పద్నాలుగేళ్లు ఒకే క్యాంపులో ఆయన పక్క గదిలో బతికిన నాకు ఈ రెండు వాక్యాలు రాయడానికి మూడు వారాలు పట్టింది. హఠాన్మరణం, తీరని లోటు, అశ్రునివాళి వంటి మాటలు నా చేతికి సులువుగానే వస్తాయి. మన సంఘం పత్రికలో పోయినవాళ్ల గురించి ఇంతకు ముందు నాలుగు వ్యాసాలు రాసినవాణ్ణి. ఈసారి ఆ మాటల చాటున దాక్కునే వీలు లేదు. ఆయన మరణంలో నాకొక పాత్ర ఉంది. అది ఒప్పుకోకుండా శ్రద్ధాంజలి ఘటించే అర్హత నాకు లేదు. అయితే ముందు ఆయనెవరో చెబుతాను. తెలియనివాళ్లు తెలుసుకోవాలి.

అల్ ఖౌద్ దాటాక ఉన్న మా కంపెనీ క్యాంపుకు ఆయన క్యాంప్ బాస్. గదులు, మంచాలు, నీళ్లు, మెస్, జ్వరం వచ్చినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లడం, అన్నీ ఆయన పనులే. పుట్టింది హైదరాబాద్‌లో. తల్లి పాలమూరు మనిషి. తండ్రి వైపు ముత్తాతను చిన్నప్పుడే ఆఫ్రికా తీరం నుంచి పట్టుకొచ్చి అమ్మారు. చేతులు మారి మారి చివరికి ఒక సంస్థానం గుర్రపు దళంలో తేలాడు. అందుకే సాలెం అన్న రూపం ఆఫ్రికాది, నాలుక పాలమూరుది.

నేను జగిత్యాల నుంచి హాజరు రాసే టైమ్‌కీపర్‌గా వచ్చిన మొదటి రోజు, గది తాళం ఇవ్వడానికి వచ్చింది ఆయనే. నేను ఆయన నల్లటి రంగు చూసి, పక్కనున్న మా ఊరివాడితో, తెలుగులో, "ఈ కర్రోనికి మనం జెప్పేది సమజైతదా?" అన్నాను. ఆయన నా సంచి అందుకుని, "సమజైతది తమ్మీ. కర్రోడన్నది గూడ సమజైంది. రా, రూమ్ సూపిస్త" అన్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ పూట ఆయనే అన్నం పెట్టించాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఊరి నుంచి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా, భోజనాలయ్యాక, మెస్‌లో అందరి ముందు నన్ను లేపేవాడు. "నిలవడు తమ్మీ. మొదటి దినం నన్నేమన్నవో జెప్పు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి, జనం పడీపడీ నవ్వేవారు, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. ఒక ఏడు నాకు రోషం వచ్చింది. "ఎన్నేండ్లు అన్నా? ఇంక మాఫ్ చెయ్యవా?" అని అందరి ముందే అరిచాను. ఆయన నవ్వు ఆపాడు. "మాఫ్ ఆ దినమే జేసిన. గని మర్వను. నువ్వు గూడ మర్వకు. మర్సిపోతె మల్ల అంటవ్ గద" అన్నాడు. 

సెలవు రోజున కొత్తవాళ్లను మత్రా రేవుకు తీసుకెళ్లడం ఆయనకు రివాజు. హల్వా కొనిపెట్టి, సముద్రం ఒడ్డున నిలబెట్టి, "మా ముత్తాతను ఈ రేవులనే దించిండ్రు. తొమ్మిది పదేండ్లుంటయేమో. ఒకడు ఒక పేరు వెట్టిండు, ఇంకొకడు ఇంకోటి వెట్టిండు. ఆయన అమ్మ వెట్టిన పేరు మాత్రం ఇయ్యాల్టికీ ఎవ్వలికి ఎర్క లేదు. పేరు లేకుండ దిగిండు" అని చెప్పేవాడు. ఒకసారి మా వాడొకడు ఆవేశపడి అరబ్బులను తిట్టబోయాడు. సాలెం అన్న వెంటనే అడ్డుకున్నాడు. "ఆగు. కొన్నోళ్లెవరు? మన దిక్కు దొరలే. సొమ్ము వెట్టినోళ్లల్ల మన దేశపు సేట్లు గూడ ఉన్నరు. నీ చెయ్యి సాఫ్‌గున్నదా సూస్కొని మాట్లాడు" అన్నాడు. 

రెండేళ్ల కిందట కంపెనీలోకి తూర్పు ఆఫ్రికా నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. ఎండాకాలంలో కందకాలు తవ్వే పని ఎప్పుడూ వాళ్లకే పడేది. మన ఫోర్‌మన్‌ను అడిగితే, "వాళ్లకేం, ఎండ అలవాటే" అన్నాడు. సాలెం అన్న సైట్‌కు వెళ్లి, ఆ కందకంలో దిగి, గడ్డపార పట్టుకుని గంటసేపు తవ్వాడు. పైకి వచ్చి, "మా ముత్తాతను కొన్నోడు గూడ గిదే మాట అన్నడంట" అన్నాడు. ఫోర్‌మన్ తల దించుకున్నాడు. మర్నాటి నుంచి కందకం పని అందరికీ వంతులవారీగా వేశాడు. ఆయన పూర్తిగా గెలిచిన పోరాటం నాకు తెలిసి అదొక్కటే.

మెస్ విషయంలో గెలవలేదు. వాళ్లతో కలిసి తినేది లేదని మనవాళ్లు పట్టుబట్టి, నడుమ ప్లైవుడ్ అడ్డం పెట్టించుకున్నారు. ఆ అర్జీ ఇంగ్లీషులో రాసిపెట్టింది నేనే.  సాలెం అన్న పగలు అటువైపు, రాత్రి ఇటువైపు తినడం మొదలుపెట్టాడు. నాకు అవమానంగా ఉండేది. "నువ్వు మనోనివి గద అన్నా, ఆడ ఎందుకు కూసుంటవ్?" అని అడిగాను. "నన్ను మనోణ్ణి చెయ్యనికె నా మొఖం ఎందుకు మరుస్తున్నవ్ తమ్మీ?" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

నా హాజరు పట్టీలో ఆఫ్రికావాళ్లకు విడిగా ఒక పేజీ ఉండేది. పేర్లు పలకడం కష్టమని నేను తలలు లెక్కపెట్టి టిక్కులు కొట్టేవాణ్ణి. ఆయన అది చూసి, పద్దెనిమిది పేర్లూ తెలుగు లిపిలో ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ ఎలా పలకాలో నేర్పి, నా బల్లకు అంటించాడు. వారం పిలిచాను. తర్వాత మళ్లీ తలల లెక్కకే వచ్చాను.

ఇప్పుడు ఆ మంగళవారం. పొద్దున్నే ఆయన కళ్లద్దాలు బాగు చేయించుకోవడానికి బౌషర్ వెళ్లాడు. ఫోన్ గదిలో చార్జింగ్‌లో మరిచిపోయాడు. రెసిడెంట్ కార్డు రెన్యువల్ కోసమని నా సొరుగులో ఉంది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రి నుంచి ఆఫీసుకు ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. మీ కంపెనీ చొక్కా వేసుకున్న ఆఫ్రికన్ ఒకాయన బస్టాపులో పడిపోయి ఉంటే తెచ్చారు, స్పృహ లేదు, కాగితాలు లేవు, వయసు యాభై దాటి ఉంటుంది, మీవాళ్లేనా అని నర్సు అడిగింది. నేను పట్టీ తెరిచాను. పద్దెనిమిది టిక్కులు. "మా ఆఫ్రికన్లందరూ డ్యూటీలోనే ఉన్నారు, మావాడు కాదు" అన్నాను. సరిగ్గా చూశారా అని ఆమె మళ్లీ అడిగింది. నా పట్టీలో తప్పు ఉండదని చెప్పి పెట్టేశాను. మావాళ్లెవరో కంపెనీ చొక్కా బయటివాళ్లకు ఇచ్చేశారు, ఈ సంగతి సాలెం అన్నకు చెప్పాలి అని కూడా అనుకున్నాను.

సాలెం అన్న ఆఫ్రికన్ అని నాకు తట్టలేదు. ఆయన మనోడు కదా.

భోజనాల వేళకు రాలేదు. ఫోన్ చేస్తే ఆయన గదిలోనే మోగింది. ఆ మోత వింటూ వరండాలో నిలబడ్డప్పుడు నర్సు మాటలు గుర్తొచ్చాయి. కార్డు తీసుకుని బౌషర్ చేరేసరికి ఆయన పోయి అరగంటయింది. మంచానికి కట్టిన చీటీ మీద "పేరు తెలియదు, ఆఫ్రికన్" అని ఉంది. పదకొండు గంటలప్పుడు కాసేపు కళ్లు తెరిచాడట. ఏదో ఆఫ్రికా భాషలో రెండు మూడు సార్లు ఏదో అడిగాడు, మాకెవరికీ అర్థం కాలేదు అని నర్సు బాధపడుతూ చెప్పింది. ఆయనకు ఏ ఆఫ్రికా భాషా రాదు.

చీటీ మార్పించాను. హైదరాబాద్‌కు పంపిన పెట్టె మీద ఆయన పేరు తెలుగులో నా చేత్తో రాశాను, అరబ్బీలో రాయించాను. ఆ పేరు పొద్దున తొమ్మిదిన్నరకు చెప్పవలసింది.

పోయిన శుక్రవారం సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి కొత్త బ్యాచ్ వచ్చింది. భోజనాలయ్యాక నన్ను లేపేవాడు లేడు కాబట్టి నేనే లేచాను. ప్లైవుడ్ ఇంకా అక్కడే ఉంది. రెండు వైపులా వినబడేలా దాని చివర నిలబడి, మొదటి రోజు ఆయన్ను ఏమన్నానో చెప్పాను. తర్వాత ఆ ఫోన్‌లో ఏమన్నానో చెప్పాను. అటువైపు వాళ్ల కోసం, క్యాంపులో అందరూ మాట్లాడుకునే హిందీలో మళ్లీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కొత్తగా వచ్చినవాడొకడు, "గిది మాకెందుకు జెప్తున్నవన్నా?" అని అడిగాడు. "మర్సిపోతె మల్ల అంటం గనుక" అన్నాను. ఆ తర్వాత అటువైపుకు వెళ్లి కూర్చుని, పద్దెనిమిది పేర్లూ ఒక్కొక్కటిగా పిలిచాను. మూడు తప్పు పలికాను. వాళ్లు సరిదిద్దారు.

ఆయన వంటి మనిషి మన మధ్య మళ్లీ పుట్టడు. పుట్టినా మనం గుర్తుపట్టమేమోనని నా భయం.

చివరి మాట ఆయన భార్యకు. మీ అబ్బాయి ఈ పత్రిక మీకు చదివి వినిపిస్తానన్నాడు. ఆ సాయంత్రం ఫోన్‌లో మీరు, "ఆఖరికి ఎవరున్నరు పక్కన?" అని అడిగారు. "నేనే ఉన్న వదినా, నా చెయ్యి పట్టుకోనుండె" అన్నాను. అది అబద్ధం వదినా. ఆయన పక్కన ఎవరూ లేరు. ఆసుపత్రివాళ్లు నన్ను పిలిచి అడిగారు. మావాడు కాదన్నాను.